చలికాలపు తేనె – వాటాల లెక్క

తేనె తీసే కాలం ఏదని మా పెన్సిల్వేనియాలో ఎవర్నడిగినా జులై అంటారు. కాస్త ఓపికున్నవాళ్ళు సెప్టెంబరు అంటారు. ఫిబ్రవరి అని మాత్రం ఎవరూ అనరు. చెట్లన్నీ మోళ్ళయి, పెరట్లో మంచు పేరుకుని, పెట్టెల్లో ఈగలు ఒక ముద్దగా అతుక్కుని కాలం గడుపుకునే రోజులవి. నేను మొట్టమొదటిసారి తేనె తీసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎందుకు తీయాల్సి వచ్చిందో, ఎలా తీశానో, అందులో ఎవరి వాటా ఎంతో చెబుతాను.

2024 ఏప్రిల్‌లో రెండు పెట్టెలతో ఈ పని మొదలుపెట్టాను. పగలంతా క్లయింటు మీటింగులు, రాత్రి పదింటికి హైదరాబాదు టీముతో కాల్స్. మధ్యలో ఓ గంటైనా తెర వంక చూడకుండా చేసే పని ఒకటి కావాలనిపించింది. "టమాటాలు వేసుకోవచ్చుగా" అంది మా ఆవిడ. అంతకు ముందేడు వేసిన టమాటాల్ని జింకలు మొదలంటా తినిపోయాయి. ఈగల్ని జింకలు తినవు కదా!

ఇక్కడినుంచి గంటన్నర దూరంలో ఈగలు అమ్మే ఆయన దగ్గర రెండు చిన్న పట్టులు కొన్నాను. రెండింట్లోని రాణి ఈగలూ ఒకే తల్లి బిడ్డలని ఆయన చెప్పాడు. అంటే ఆ రెండు పెట్టెల ఈగలు ఒకదానికొకటి పెద్దమ్మ, పిన్ని పిల్లలన్నమాట. ఈ చుట్టరికం ముందుముందు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. మా ఏడేళ్ళ అమ్మాయి ఒక పెట్టెకు పసుపు రంగు, ఇంకోదానికి నీలం రంగు వేసింది. అప్పట్నుంచీ అవే వాటి పేర్లు.

ఈ పెట్టె కనిపెట్టినాయన మా పక్కనే ఉన్న ఫిలడెల్ఫియాలో పుట్టినవాడే. పేరు లాంగ్‌స్ట్రాత్. పట్టుకీ పట్టుకీ మధ్య సుమారు అంగుళంలో మూడెనిమిదో వంతు ఖాళీ వదిలితే ఈగలు దాన్ని మైనంతో పూడ్చకుండా నడవడానికి దారిగా వాడుకుంటాయని గమనించి, చట్రాలు ఒక్కొక్కటే పైకి తీయగలిగే పెట్టె తయారుచేశాడు. 1852లో దానికి పేటెంటు వచ్చింది. ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల వాడేది ఆ పెట్టెనే. ఇక ఇందులో ఉండే ఈగలంటారా, అవి అమెరికావి కావు. 1622లో ఐరోపా నుంచి ఓడల మీద వర్జీనియాకు తెచ్చారు. మనలాగే వలస వచ్చినవి, కాకపోతే వాటికి వీసా గొడవ లేదు.

మొదటి ఏడాది పసుపు పెట్టె విరగబడి పెరిగింది. మే నెలలో ట్యూలిప్ పాప్లార్ చెట్లు పూసినప్పుడు మొదలుపెట్టి అరలమీద అరలు నింపింది. నీలం పెట్టె అంతంతమాత్రం. ఆగస్టు చివర్నుంచి ఇక్కడ రోడ్ల పక్కనంతా గోల్డెన్‌రాడ్ అనే పసుపుపచ్చ పూలు పూస్తాయి. ఆ మకరందం పెట్టెలో తేనెగా మాగుతున్నప్పుడు వచ్చే వాసన గురించి ముందే తెలియకపోతే కంగారుపడతారు. రోజంతా బూట్లలో ఉన్న సాక్సుల వాసన! తేనె మాగాక ఆ వాసన పోతుంది లెండి.

సెప్టెంబరులో తేనె తీయలేదు. మొదటి ఏడు తేనె ఈగలదే అని ఇక్కడ అందరూ చెప్పే మాట. మా ప్రాంతంలో ఒక పట్టు చలికాలం దాటాలంటే 60 నుంచి 80 పౌన్ల తేనె నిలవుండాలి. ఈగలు చలికాలమంతా నిద్రపోవు. రాణిని మధ్యలో పెట్టుకుని బంతిలా గుమిగూడి, రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి. బయట నీళ్ళు గడ్డకడుతున్నా, లోపల పిల్లల్ని పెంచే చోట 93 నుంచి 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఆ పొయ్యికి కట్టెలు తేనే. నీలం పెట్టె తేలిగ్గా ఉందని అక్టోబరులో దానికి చిక్కటి పంచదార పాకం పెట్టాను. పసుపు పెట్టెకు ఆ అవసరమే రాలేదు. రెండు చేతులతో ఎత్తబోతే కదల్లేదు.

2025 జనవరిలో ఓ ఉదయం పెట్టెలకు చెవి ఆనించి వేలితో తట్టాను. చలికాలంలో మూత తీయకుండా లోపలి క్షేమం తెలుసుకునే పద్ధతి అది. నీలం పెట్టెలోంచి "ఝుమ్" అని బదులు వచ్చింది. పసుపు పెట్టె పలకలేదు. ఇంకోసారి తట్టాను. మా అమ్మాయి కూడా చెవి పెట్టి వింది. "నిద్రపోతున్నాయేమో నాన్నా" అంది.

ఎండ కాసిన రోజు చూసి మూత తీశాను. వేల ఈగలు ఉండాల్సిన చోట పిడికెడు ఈగలు, ఒక చట్రం మధ్యలో అతుక్కుని చనిపోయి ఉన్నాయి. కొన్ని తలలు గదుల్లోపలికి పెట్టి అలాగే ఉండిపోయాయి. వాటి మధ్యలో రాణి. రెండంగుళాల అవతల మూతలు వేసిన తేనె, చెక్కు చెదరకుండా ఉంది. చలి ఎక్కువై ముద్ద చిన్నదైపోతే ఆ రెండంగుళాలు కూడా జరగలేవు. ఇంటినిండా ధాన్యం ఉండి ఆకలితో పోవడమంటే అదే.

మా వృత్తిలో సర్వరు పడిపోతే, ఎందుకు పడిందో తేల్చడాన్ని పోస్ట్‌మార్టం అనే అంటాం. అదే పని ఇక్కడా చేశాం. మా ఊరి తేనెటీగల సంఘంలో ఓ పెద్దాయన ఉన్నాడు, నలభై ఏళ్ళుగా ఈగల్ని పెంచుతున్నవాడు. ఆయన వచ్చి ఖాళీ గదుల్ని వెలుతురుకు పట్టి చూపించాడు. గదుల పైగోడలకు ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. వరోవా అనే నల్లి విసర్జించినవి. ఆగస్టులో మూడు వందల ఈగల్ని పంచదార పొడిలో దొర్లించి నల్లుల్ని లెక్కపెట్టడం, సెప్టెంబరులో ఫార్మిక్ ఆమ్లం పట్టీలు పెట్టడం అన్నీ జరిగాయి. "నువ్వు మందు వేశాక కూడా అక్టోబరులో చుట్టుపక్కల పడిపోతున్న పట్టుల నుంచి వచ్చి చేరతాయి. ఎంత పెద్ద పట్టైతే అంత ఎక్కువ చేరతాయి" అన్నాడాయన. పిల్లలు ఎక్కువున్న చోటే నల్లికి తిండి ఎక్కువ. అందుకే బాగా పెరిగిన పెట్టె పోయి, బక్క పెట్టె మిగిలింది.

ఈ నల్లి మన ఆసియాదని ఆయనే చెప్పాడు. మన ఊళ్ళలో పుట్టల్లోనూ చెట్టుతొర్రల్లోనూ పట్టు పెట్టే ఈగలున్నాయి కదా, ఆ జాతి మీద ఈ నల్లి అనాదిగా బతుకుతోంది. అక్కడ అది ముఖ్యంగా మగపిల్లల గదుల్లోనే పిల్లలు పెడుతుంది, ఈగలు కూడా ఒకదాన్నొకటి దులుపుకుంటాయి. కాబట్టి ఇద్దరూ సర్దుకుపోయారు. ఐరోపా ఈగలకు ఆ విద్య రాదు. 1987లో ఇది అమెరికాలో కనబడింది, ఆనాటి నుంచి ఇక్కడి వాళ్ళకు కంటిమీద కునుకు లేదు. మా పెట్టె పోయిన ఆ చలికాలంలోనే, దేశంలో వ్యాపారం కోసం ఈగల్ని పెంచేవాళ్ళు సగటున 60 శాతానికి పైగా పట్టుల్ని పోగొట్టుకున్నారు. నల్లులు మోసుకొచ్చే వైరస్‌లు చచ్చిన పట్టుల్లో బాగా కనిపించాయనీ, బాగా వాడుకలో ఉన్న ఒక మందుకు ఆ నల్లులు లొంగడం మానేశాయనీ 2025 జూన్‌లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చెప్పారు.

కారణం తెలిసింది సరే. ఎదురుగా దాదాపు 80 పౌన్ల తేనె, దానికి హక్కుదారులెవరూ లేరు. తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే ఒక లెక్క చెప్పాలి. ఒక కూలి ఈగ జీవితమంతా కష్టపడితే తయారయ్యే తేనె టీస్పూనులో పన్నెండో వంతు అంటారు. వేసవి ఈగ బతికేది ఆరు వారాలు. సెప్టెంబరులో పుట్టే చలికాలపు ఈగ నాలుగైదు నెలలు బతుకుతుంది, కానీ అది మే నెల పువ్వు మొహం చూసి ఉండదు. అంటే మేలో, జూన్‌లో తేనె తెచ్చినవి దాన్ని తినవు. తినేవి తేలేదు. అవి తిని, వణికి, ఫిబ్రవరిలో పెంచే పిల్లలు మళ్ళీ ఇంకో తరం. చూడని మనవళ్ళ కోసం మామిడిచెట్టు నాటినట్టు, పట్టులో ఉన్నదంతా ఎవరో ఎవరి కోసమో దాచిందే. తీరా ఆ తినాల్సినవి లేకుండాపోయాయి. మరి ఆ సొమ్ము ఎవరిది?

ఆ శనివారం అమ్మతో ఫోనులో ఈ మాట చెప్పాను. అమ్మ తెనాలిలో ఉంటుంది. మా తాతయ్య పోయాక ఆ పొలం, ఇల్లు, అటక మీది ఇత్తడి బిందెలు సహా నలుగురు అన్నదమ్ములూ పంచుకున్న రోజు దగ్గరుండి చూసిన మనిషి. అంతా విని ఒకటే ప్రశ్న వేసింది.

"ఆ ఈగల తాలూకు వాళ్ళెవరైనా మిగిలారా?"

"పక్క పెట్టెలో ఉన్నాయమ్మా. పిన్ని పిల్లలు."

"అయితే ముందు వాటికి పెట్టరా. పోయినవాళ్ళ సొమ్ము అలా వదిలేస్తే పురుగులపాలు అవుతుంది. వాటికి పెట్టాక మిగిలింది నువ్వు తిను, దోషం లేదు."

పురుగుల సంగతి అమ్మ మాటవరసకు అంది కానీ అక్షరాలా నిజం. కాపలా లేని పట్టును వసంతం రాగానే మైనపు చిమ్మట తినేస్తుంది. అదీగాక తేనె గాలిలో తేమను పీలుస్తుంది. ఈగలు లేని పెట్టెలో మూతలేని గదుల్లోని తేనె పలచబడి పులుస్తుంది. ఆలస్యం చేస్తే ఎవరికీ దక్కదు.

పంచేముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది రోగం. ఫౌల్‌బ్రూడ్ అనే రోగంతో పోయిన పట్టు తేనె ఇంకో పట్టుకు పెడితే అదీ పోతుంది. చనిపోయిన పిల్లలున్న గదిలో అగ్గిపుల్ల గుచ్చి తీస్తే బంక తీగలా సాగితే ఆ రోగం ఉన్నట్టు. పెద్దాయన నాలుగైదు గదుల్లో గుచ్చి చూశాడు, ఏదీ సాగలేదు. రెండోది పంచదార పాకం. పాకం పెట్టిన పెట్టెలో ఈగలు దాచింది తేనెలా కనిపిస్తుంది కానీ తేనె కాదు. పసుపు పెట్టెకు పాకమే పెట్టలేదు కాబట్టి ఆ బెంగ లేదు. ఫార్మిక్ ఆమ్లం తేనెలో సహజంగానే కొద్దిగా ఉంటుంది, తేనె అరలు పెట్టె మీద ఉండగానే వాడటానికి అనుమతి ఉన్న మందు అది. నల్లులు తెచ్చే వైరస్‌లు మనుషులకు అంటవు.

ఇక పంపకం. ఎండ కాసి వేడి 50 డిగ్రీలు దాటిన ఓ మధ్యాహ్నం నీలం పెట్టె తెరిచి, ఈగల ముద్దకు ఆనుకుని నాలుగు పెద్ద చట్రాలు పెట్టాను. ఒక్కో పెద్ద చట్రంలో ఆరు పౌన్ల దాకా తేనె ఉంటుంది. ఇంకో అయిదు పెద్ద చట్రాలు చిమ్మట గుడ్లు చావడానికి రెండు రోజులు ఫ్రీజరులో ఉంచి, తర్వాత మూతపెట్టి వసంతానికి దాచాను. పై అరలోని పది చిన్న చట్రాల్లో రెండింట్లో గోల్డెన్‌రాడ్ తేనె గదుల్లోనే గడ్డకట్టింది. అది ఎంత తిప్పినా బయటికి రాదు, ఈగలైతే నీళ్ళతో తడిపి కరిగించుకుంటాయి. అవి కూడా వాటి వాటాకే. మిగిలిన ఎనిమిది మా వాటా.

ఎండాకాలంలో తేనె తీయాలంటే కిటికీలన్నీ బిడాయించుకోవాలి. వాసన పట్టి ఊళ్ళో ఈగలన్నీ ఇంటిమీద పడతాయి. చలికాలంలో ఆ బాధ లేదు. కానీ ఇంకో బాధ ఉంది. 40 డిగ్రీల చలిలో ఉన్న తేనె కదలదు, మైనం అప్పడంలా పెళుసుగా ఉంటుంది. అలాగే తిప్పితే పట్టు ముక్కలవుతుంది. అందుకని బేస్‌మెంట్‌లో ఫర్నేసు ఉన్న చిన్న గదిలో అర నిలబెట్టి, ఓ హీటరు పెట్టి, గది 95 డిగ్రీలు దాటకుండా చూస్తూ ఒకటిన్నర రోజు ఉంచాను. ఈగలు తమ పిల్లల్ని పెంచే వేడి అంతే కాబట్టి తేనెకు హాని లేదు. "రా హనీ" అంటే ఏమిటో అమెరికా ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్వచించలేదు. బాగా కాచకుండా, సన్నటి వడపోతలు పట్టకుండా ఉన్నదాన్ని అలా అంటారు. ఈగలు మరగబెట్టనిదాన్ని మనం మాత్రం ఎందుకు మరగబెట్టడం?

నా చిన్నప్పుడు వీధిలోకి తేనె అమ్మే అతను వచ్చేవాడు. అల్యూమినియం గిన్నెలో తేనె, పైన నమ్మకానికి ఓ పట్టుముక్క. పట్టంతా చేత్తో పిండి తీసేవాడు, ఆ పట్టు ఇక మిగలదు. పట్టు పాడవకుండా తేనె తీసే తిరుగుడు యంత్రం 1865లో ఫ్రాంజ్ ఫాన్ హ్రూష్కా అనే ఆయన కనిపెట్టాడు. మన మజ్జిగ కవ్వం ఎంత సులువో ఇదీ అంతే. చట్రంలో గదుల మూతల్ని కత్తితో చెక్కేసి డ్రమ్ములో నిలబెట్టి తిప్పితే, తేనె విసురుకు బయటికొచ్చి గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది. మా సంఘంలో అద్దెకిచ్చే చేతి యంత్రం తెచ్చాం. ముందు నెమ్మదిగా తిప్పి, రెండోవైపు తిరగేసి, అప్పుడు జోరు పెంచాలి. ఒకవైపే జోరుగా తిప్పితే అవతలివైపు బరువుకు పట్టు విరుగుతుంది. నేను తిప్పాను, మా ఆవిడ మూతలు చెక్కింది, మా అమ్మాయి డ్రమ్ము గోడకు చెవి పెట్టి "వాన పడుతోంది" అంది. నిజంగానే రేకు మీద వాన పడ్డ చప్పుడు.

ఒక చుక్క తేమ కొలిచే పరికరం మీద వేసి చూస్తే 17.4 శాతం. 18 లోపు ఉంటే పులిసే భయం లేదు. స్టీలు జల్లెడలో వడగట్టి, రెండు రోజులు తేరనిచ్చి సీసాలకెత్తితే 26 పౌన్లు వచ్చింది. ఆవకాయ కోసం మా ఆవిడ దాచుకున్న సీసాలన్నీ అయిపోయాయి, ఆ విషయం ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. ప్రతి సీసా మీదా మా అమ్మాయి "పసుపు పెట్టె, 2024" అని తెలుగులో రాసింది.

పెద్దాయనకో సీసా, ఇరుగుపొరుగుకో సీసా ఇచ్చాం. మా టీములో ఒకతనికి అప్పుడే బాబు పుట్టాడు. సీసా ఇస్తూ ఒక మాట మరీ మరీ చెప్పాను. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. పుట్టగానే నాలుక మీద తేనె రాయడం మన ఇళ్ళలో ఆచారమే కానీ, తేనెలో బొట్యులిజం తెచ్చే బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ కడుపులో అవి ఏమీ చేయలేవు, పసివాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. కాచినా, కాచకపోయినా ఇది వర్తిస్తుంది.

నీలం పెట్టె చలికాలం దాటింది. మార్చిలో ఎర్ర మేపుల్ చెట్లు పూసిన రోజున కాళ్ళకు పుప్పొడి మూటలు కట్టుకుని ఈగలు లోపలికి వెళుతుంటే మా అమ్మాయి లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయింది. ఏప్రిల్ చివరికి అవి పెట్టె పట్టనంత పెరిగాయి. అప్పుడు వాటిని రెండుగా విడదీసి, సగాన్ని శుభ్రం చేసిన పసుపు పెట్టెలో పెట్టాను. వాటి కోసం దాచిన అయిదు చట్రాల తేనె అక్కడ సిద్ధంగా ఉంది. కట్టిన పట్టు, నింపిన తేనె, ఆ ఇంటివాళ్ళవే. వచ్చినవి పిన్ని పిల్లలు.

జూన్‌లో అమ్మ వచ్చింది. అప్పటికి మా సీసాల్లో తేనె నెయ్యిలా పేరుకుని ఉంది. అమ్మ చెంచాతో గుచ్చి చూసి, "పంచదార గానీ కలిసిందేమిట్రా?" అంది. పేరుకుంటే కల్తీ అనే నమ్మకం మనవాళ్ళలో బాగా ఉంది. నిజానికి తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువుంటే దానంతటదే పేరుకుంటుంది, గోల్డెన్‌రాడ్ తేనె గుణమే అది. గోరువెచ్చని నీళ్ళలో సీసా నిలబెడితే మళ్ళీ కరుగుతుందని చూపించాక నమ్మింది. నాలుక మీద వేసుకుని కాసేపు ఆలోచించి, మన తేనెకంటే కాస్త ఘాటుగా ఉందని తేల్చింది. తర్వాత అలమర తెరిచి చూసింది. రెండే సీసాలున్నాయి.

"ఎనభై పౌన్లన్నావు, ఇంతేనా మిగిలింది?"

"ముందు వాటికి పెట్టమన్నది నువ్వేగా అమ్మా."

"అన్నాను, అయితే మాత్రం..." అంటూ ఒక సీసా తీసి దేవుడి దగ్గర పంచామృతానికని పెట్టుకుంది. ఇప్పుడు మా వాటా ఒక్క సీసా.